కొత్త ముద్ద ముందు గొంతు బిగుసుకుపోతే

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. విశ్వవిద్యాలయంలో చేరి నాలుగు నెలలైంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఎలాగో గడిచిపోయింది గానీ, హాస్టల్‌కు వచ్చాక లెక్కపెట్టుకుంటే మీరు నిజంగా తినేవి తొమ్మిది పదార్థాలే. కొత్తది ఏదైనా పళ్లెంలో పడితే గొంతు బిగుసుకుపోతుంది. స్నేహితులు భోజనానికి పిలిస్తే ‘ఇప్పుడే తినేసి వచ్చాను’ అని తప్పించుకుంటున్నారు. ఇది జబ్బా, మొండితనమా, ఈ మధ్య మనసు బాగుండకపోవడానికి ఇదే కారణమా అని అడిగారు.

జబ్బు కాకపోవచ్చు. మొండితనం కచ్చితంగా కాదు. మూడోదానికి జవాబు మాత్రం కాస్త చుట్టు తిరిగి చెప్పాలి. ఎందుకంటే మీ అనుమానమంతా పళ్లెం మీద ఉంది, నా అనుమానం ఆ అబద్ధం మీద ఉంది.

నేను విద్యార్థుల ఆరోగ్య కేంద్రాల్లో పోషకాహార నిపుణుడిగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. బరువు తగ్గాలనో పెరగాలనో వచ్చేవారే ఎక్కువ. కానీ ఏటా తరగతులు మొదలైన మూడు నాలుగు నెలలకు మీలాంటివారు కొందరు వస్తారు. తలుపు వేసి కూర్చున్నాక కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

వాళ్లకు నేను మొదట ఎలుక సంగతి చెబుతాను. ఎలుకకు వాంతి చేసుకోవడం చేతకాదు. మింగిందంటే మింగిందే. అందుకే కొత్త తిండి కనబడితే మీదపడి తినదు. వాసన చూస్తుంది, వెనక్కి వెళుతుంది, మళ్లీ వచ్చి పిసరంత కొరికి ఆగుతుంది. ఒంట్లో తేడా చేయలేదని తేలాకే ఇంకాస్త తింటుంది. ఎలుకల మందు పెట్టేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. కొన్ని రోజులు మందు కలపని ఎర పెట్టి, నమ్మకం కుదిరాక కలుపుతారు. మనిషిది కూడా ఇదే ఇబ్బంది. ఒకే రకం ఆకు తిని బతికే జంతువుకు ఏం తినాలన్న ప్రశ్నే రాదు. అన్నీ తినగలిగే మనిషికి మాత్రం కొత్తది ముట్టకపోతే పోషకాలు చాలవు, ముడితే అందులో విషం ఉండవచ్చు. పాల్ రోజిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1976లో దీన్నే సర్వభక్షకుల సందిగ్ధం అన్నాడు. కాబట్టి మీ గొంతులో ఆ బిగింపు ఏదో చెడిపోయినందువల్ల వచ్చింది కాదు. అది కాపలా కుక్క. కాకపోతే దొంగలతో పాటు చుట్టాలను కూడా కరుస్తోంది.

పసిపిల్లల్లో ఈ భయం రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య బాగా ఎక్కువ. నడక వచ్చి, చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి అప్పుడు ఆ జాగ్రత్తకు అర్థముంది. తర్వాత చాలామందిలో తగ్గుతుంది, కొందరిలో అలాగే ఉండిపోతుంది. బ్రిటన్‌లో 8 నుంచి 11 ఏళ్ల కవల పిల్లలను, 5,390 జతలను, పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పిల్లల మధ్య ఈ విషయంలో కనిపించే తేడాల్లో దాదాపు 78 శాతం జన్యువుల నుంచి వచ్చినవే. ఈ అంకె చూసి దిగులు పడకండి. ఒకరికీ మరొకరికీ తేడా ఎందుకుందో చెప్పే లెక్క ఇది. మీరు మారగలరా లేదా అన్నది ఇందులో లేదు. నేను దీన్ని ఒక్క పనికే వాడతాను. ‘మా అమ్మ చిన్నప్పుడు సరిగ్గా అలవాటు చేయలేదు’ అని ఎవరైనా మొదలుపెడితే చూపిస్తాను. అదే తల్లి పెంపకంలో అక్క అన్నీ తింటుంది, తమ్ముడు తినడు. పాపం, ఆవిడ ఏం చేస్తుంది?

మీరు ఎక్కడున్నారో కొలుచుకోవాలంటే ఒక కొలబద్ద ఉంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రీషియా ప్లైనర్, కారెన్ హాబ్డెన్ 1992లో తయారుచేశారు. పది వాక్యాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు మార్కులు, మొత్తం 10 నుంచి 70 దాకా. ఎక్కువ వస్తే భయం ఎక్కువ. ఇందులో ‘ఇంతకు మించితే రోగి’ అన్న గీత లేదని మాత్రం గుర్తుంచుకోండి. ఎత్తు కొలిచినట్టే, పొడుగో పొట్టో చెబుతుంది గానీ జబ్బు ఉందో లేదో చెప్పదు. మార్కులు వేసుకుని, నలభై ఎనిమిది వచ్చిందని నిద్ర మానుకున్న కుర్రాణ్ని చూశాను. ఆ అంకెకు అంత విలువ ఇవ్వకండి.

నాకు దానికన్నా మన మాటలే ఎక్కువ పనికొచ్చాయి. తిండిని వద్దనడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. ‘నాకు అది పడదు.’ ‘నాకు అది సహించదు.’ ‘నాకు అది ఇష్టం లేదు.’ ‘మొహం మొత్తింది.’ ‘నేనెప్పుడూ తినలేదు.’ భోజనాల దగ్గర వీటన్నిటినీ కలిపి ‘తినను’ అనేస్తాం. కానీ ఒక్కోదాని వెనుక ఒక్కో కారణం ఉంది, ఒక్కోదానికి చేయాల్సింది వేరు.

‘పడదు’ అన్నది ఒంటి సంగతి. తిన్నాక దద్దుర్లు, పెదవుల వాపు, నోట్లో దురద, ఊపిరి ఆడకపోవడం, కడుపునొప్పి లాంటివి వస్తే అది భయం కాదు. అలాంటి పదార్థంతో నేను కింద చెప్పే సాధన ఏదీ చేయకూడదు. నేరుగా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ‘ఇష్టం లేదు’ అనాలంటే కనీసం కొన్నిసార్లు తిని ఉండాలి. తిన్నారు, నచ్చలేదు, అక్కడితో సరి. నాకు పుట్టగొడుగు ఇష్టం లేదు. యాభై దాటాను, ఇక ఇష్టపడాలన్న కోరికా లేదు. ‘మొహం మొత్తింది’ అన్నదాన్ని మీరు జాగ్రత్తగా గమనించాలి. తొమ్మిదింటితోనే బతికేవారికి అందులో ఒకటి ఏదో ఒక రోజు మొహం మొత్తుతుంది, అప్పుడు తొమ్మిది కాస్తా ఎనిమిదవుతుంది. జాబితా పెరగకపోతే ఉన్నచోట ఉండదు, తగ్గుతుంది. చాలామంది నా దగ్గరకు వచ్చింది అప్పుడే.

‘సహించదు’ వెనుక సాధారణంగా రెండు ఉంటాయి. ఒకటి స్పర్శ. జిగురుగా ఉండేవి, నోట్లో మెత్తగా జారేవి, మెత్తనిదాని మధ్యలో గట్టి ముక్క తగిలేవి. కొందరి నాలుక, ముక్కు పుట్టుకతోనే చురుకు. చేదు విషయంలో మనుషుల మధ్య తేడా ఉందని 1931లోనే ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త గమనించాడు. ప్రయోగశాలలో గాలికి ఎగిరిన పొడి పక్కవాడికి చేదుగా తగిలింది, ఆయనకు ఏ రుచీ తెలియలేదు. దానికి కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. మీకు కొన్ని ఆకుకూరలు భరించలేనంత చేదుగా ఉంటే, పక్కవాడు ‘చేదెక్కడుంది’ అంటుంటే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

రెండోది జ్ఞాపకం. జ్వరంలోనో వాంతులయ్యే ముందో తిన్నది ఏళ్ల తరబడి సహించదు. జాన్ గార్సియా అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1955లో ఎలుకలకు తీపి నీళ్లు తాగించి, కడుపులో వికారం పుట్టించే మోతాదులో రేడియేషన్‌కు గురిచేశాడు. ఆ తర్వాత అవి తీపి నీళ్లను దూరం పెట్టాయి. వికారానికి కారణం నీళ్లు కాదని వాటికి తెలియదు, మన కడుపుకూ తెలియదు. మీ జాబితా నుంచి ఏదైనా హఠాత్తుగా పోయి ఉంటే, ఆ వారం మీకు ఒంట్లో ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి.

ఇవన్నీ తీసేయగా మిగిలేది ‘ఎప్పుడూ తినలేదు’. మీరు అడిగిన భయం అసలు ఇదే. పద్ధతిగా వెళితే ఎక్కువగా లొంగేది కూడా ఇదే.

ఇక మనసు సంగతి. విద్యార్థుల మీద జరిగే పరిశోధనల్లో ప్లైనర్, హాబ్డెన్ల కొలబద్దతో పాటు జీవితంపై తృప్తిని కొలిచే అయిదు వాక్యాల ప్రశ్నావళిని కూడా ఇస్తుంటారు. అది మనస్తత్వవేత్త ఎడ్ డీనర్ బృందం 1985లో చేసినది. తిండికి సంబంధించిన తృప్తిని విడిగా అడిగే మరో అయిదు వాక్యాలు 2007 నుంచి ఉన్నాయి. ఇలాంటి ప్రశ్నావళులను ఒకే రోజు నింపించి, అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తారు. అప్పుడు రెండూ కలిసి నడుస్తున్నాయని తెలుస్తుంది గానీ ఏది ముందు ఏది వెనక అన్నది తెలియదు. ప్రతి మార్పుకూ కంగారుపడే స్వభావం ఉంటే కొత్త తిండీ భయపెడుతుంది, కొత్త ఊరూ భయపెడుతుంది, మనసూ కుదురుగా ఉండదు. అప్పుడు తిండిని నిందించి లాభం లేదు. ఇనుము, బి12 చాలక ఒళ్లు తేలిపోతూ, చదివింది తలకెక్కక నీరసంగా ఉంటే అది దిగులులాగే కనిపిస్తుంది. అప్పుడు తప్పు తిండిదే. ఇక మూడో దారి ఉంది. నేను ఎక్కువగా చూసింది అదే.

ఒక విద్యార్థిని విషయం చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆమె సొరుగులో ఎప్పుడూ రెండు రొట్టె పొట్లాలు ఉండేవి. గదిలో ఎవరూ లేనప్పుడు తినేది, పొట్లం చప్పుడు కాకుండా కత్తెరతో కత్తిరించేది. రెండోసారి వచ్చినప్పుడు ‘రోజు మొత్తంలో కష్టమైన సమయం ఏది’ అని అడిగాను. భోజనం వేళ అంటుందనుకున్నాను. ‘పదకొండున్నర’ అంది. పన్నెండున్నరకు అందరూ క్యాంటీన్‌కు వెళతారు. ఈ రోజు ఏ సాకు చెప్పాలో పదకొండున్నరకు ఆలోచించడం మొదలుపెట్టాలి. నిన్న చెప్పింది ఈ రోజు చెప్పకూడదు. అప్పటికే వాళ్లు పిలవడం తగ్గించారట. ఆమెకు పొగరని ఎవరో అన్నారట.

ఆమె రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి. లోటు శరీరంలో లేదు, క్యాంటీన్‌లో అందరూ కూర్చునే ఆ బల్ల దగ్గర ఉంది. విద్యార్థుల స్నేహాలు సగం భోజనాల దగ్గరే పుడతాయి. ఎవరు ఏ పరీక్ష తప్పారు, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, రేపు ఏ తరగతి లేదు అన్నవన్నీ అక్కడే తెలుస్తాయి. మీరు తినలేకపోవడం వల్ల పోగొట్టుకుంటున్నది విటమిన్లకన్నా ఇది ఎక్కువేమో చూసుకోండి.

అందుకే నా మొదటి సలహా వింతగా అనిపించవచ్చు. రెండు వారాల దాకా కొత్తది ఏదీ తినడానికి ప్రయత్నించకండి. మీకు తెలిసిన తొమ్మిదిలో ఒకటి పట్టుకుని వెళ్లి ఆ బల్ల దగ్గర కూర్చోండి. ఎవరైనా అడిగితే, ‘నాకు కొన్నే సహిస్తాయి, మీరు తినండి, నేను ఇది తింటాను’ అనండి. ‘సహించదు’ అన్న మాటకు మనవాళ్లలో మర్యాద ఉంది, గుచ్చి అడిగేవారు తక్కువ. ఇద్దరు ముగ్గురు ఆటపట్టించవచ్చు. నాలుగో రోజుకు వాళ్లకే విసుగొస్తుంది. ఆ విద్యార్థిని ఈ ఒక్క పనికే మూడు వారాలు తీసుకుంది. ఆ తర్వాత పని తేలికైంది.

కొత్త రుచుల సాధన గదిలో, ఒంటరిగా గానీ నమ్మకమున్న ఒక్క మనిషితో గానీ చేయండి. నలుగురి ముందు వద్దు. పరీక్షల వారం అసలే వద్దు. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఎవరైనా తెలిసిన తిండివైపే వెళతారు. కడుపు మరీ నిండినప్పుడు, ఆకలితో చేతులు వణుకుతున్నప్పుడు కూడా కుదరదు. కాస్త ఆకలి వేస్తున్నప్పుడు బాగుంటుంది.

ఒకే పదార్థం ఎంచుకోండి. మీరు తినేదానికి దగ్గరి చుట్టమై ఉండాలి. ఉడికించిన బంగాళదుంప తింటారనుకుందాం, పక్కనే ఉడికించిన క్యారెట్ ఉంది. పచ్చి క్యారెట్ కాదు, అది కరకరలాడుతుంది, అలా అయితే ఒకేసారి రెండు మార్పులు. ఒకసారికి ఒక్కటే మార్చాలి: రుచి మారితే స్పర్శ పాతది, స్పర్శ మారితే రుచి పాతది. మీకు అలవాటైన పొడో చట్నీయో ఏదైనా ఉంటే దానితో కలపడం మోసం కాదు, మంచి పద్ధతి. వాసన మిమ్మల్ని ఆపుతుంటే చల్లారాక ప్రయత్నించండి. వేడిగా ఉన్నంత వాసన చల్లటి తిండికి రాదు.

ముక్క గోరంత చాలు. మొదటి రోజు వేళ్లతో పట్టుకోవడం, వాసన చూడటం. తర్వాతి రోజు పెదవికి ఆనించడం. ఆ తర్వాత నాలుక మీద పెట్టుకుని, నమిలి, కాగితంలో ఉమ్మేయడం. ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోతారు. చిన్నప్పటి నుంచి ‘నోట్లో పెట్టుకున్నది మింగు’ అన్న మాట విని పెరిగాం కదా. కానీ మీ భయం రుచిది కాదు, వెనక్కి వచ్చే దారి లేదన్న భయం. ఎలుకకు ఆ దారి నిజంగానే లేదు. మీకు ఉంది. ఉమ్మేయవచ్చని తెలిసిన రోజున గొంతు ఎంత వదులవుతుందో చూడండి. ఆ విద్యార్థిని మొదటి అయిదు రోజులూ ఉమ్మేసింది. ఆరో రోజు నాతో ఏదో తరగతి గురించి మాట్లాడుతూ మింగేసింది. మింగిన సంగతి నేను చెప్పలేదు. కాసేపయ్యాక కాగితం మడతపెట్టబోయి, ఖాళీగా ఉందేమిటని చూసుకుంది.

ఎన్నిసార్లు అన్న ప్రశ్న వస్తుంది. పిల్లల తిండి అలవాట్లను పరిశోధించిన లీయాన్ బర్చ్ బృందం 1982లో రెండేళ్ల పిల్లలకు కొత్త పదార్థాలను కొన్నిటిని రెండుసార్లు, కొన్నిటిని ఇరవైసార్ల దాకా రుచి చూపించింది. ఎక్కువసార్లు నోటికి తగిలినవాటినే పిల్లలు ఎక్కువగా ఇష్టపడ్డారు. అదే బృందం 1987లో మరో సంగతి తేల్చింది: ఊరికే చూస్తే చూపుకే అలవాటవుతుంది, నాలుకకు అలవాటు కావాలంటే నోట్లో పెట్టుకోవాల్సిందే. కాబట్టి రకరకాల వంటల వీడియోలు గంటల తరబడి చూడటం సాధన కిందికి రాదు. నా అనుభవంలో పెద్దవాళ్లకు పదీ పదిహేను సార్లు పడుతుంది. మూడోసారికే ‘నాకు రాదు’ అని వదిలేసేవారే ఎక్కువ. పదిహేనుసార్లయ్యాక కూడా నచ్చకపోతే నిశ్చింతగా ‘ఇష్టం లేదు’ జాబితాలో వేసేయండి. దాన్ని ఓటమి అనుకోవద్దు, ఇప్పుడు ఆ మాట అనే హక్కు మీకు వచ్చింది.

నెలకు ఒకటి చేరినా చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్లూ కూరగాయలూ కలిపి రోజుకు 400 గ్రాములు తినమంటుంది. అందులో దుంపలను లెక్కలోకి తీసుకోదు. ఆ అంకెను ఇప్పుడే గోడకు అంటించుకోవద్దు. మీ తొమ్మిదిలో పండో కూరగాయో కనీసం రెండు ఉన్నాయా? లేకపోతే మొదటి సాధన అక్కడ మొదలుపెట్టండి.

ఇప్పుడు భయపెట్టాల్సిన చోట భయపెడతాను. బరువు సరిగ్గా ఉంది కాబట్టి అంతా బాగుందనుకోకండి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక కుర్రాడి గురించి అక్కడి వైద్యులు 2019లో ఒక వైద్య పత్రికలో రాశారు. చిన్నప్పటి నుంచి కొన్ని స్పర్శలు సహించక వేయించిన బంగాళదుంపలు, చిప్స్, తెల్ల రొట్టె, కొద్దిగా నిల్వ మాంసంతోనే గడిపాడు. పద్నాలుగేళ్లకు అలసటగా ఉందని వైద్యుల దగ్గరకు వెళ్లాడు. బి12 తక్కువని తేలింది. ఎత్తు, బరువు మామూలుగానే ఉన్నాయి. బి12 ఇంజెక్షన్లు, తిండి గురించి సలహాలు ఇచ్చారు. పదిహేడేళ్లకు చూపు చాలావరకు పోయింది, తిరిగి రాలేదు. ఇలా జరగడం చాలా అరుదు. అయినా ఏళ్ల తరబడి నాలుగైదు పదార్థాలతో గడుపుతున్నవారికి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), బి12, విటమిన్ డి పరీక్షలు చేయించమని నేను ఒత్తిడి చేసేది ఇందుకే.

అమెరికన్ మనోరోగ వైద్యుల సంఘం 2013లో ఒక కొత్త పేరును మానసిక రుగ్మతల జాబితాలో చేర్చింది. అవాయిడెంట్ రెస్ట్రిక్టివ్ ఫుడ్ ఇన్‌టేక్ డిజార్డర్, పొట్టిగా ఆర్ఫిడ్. సన్నబడాలన్న కోరిక ఇందులో ఉండదు, స్పర్శ సహించకో, పొలమారుతుందన్న భయంతోనో, తిండి మీద ఆసక్తే లేకనో మనిషి తినడు. బాగా బరువు తగ్గడం, పోషకాల లోపం తేలడం, గొట్టం ద్వారా ఆహారమో పోషక ద్రవాలో లేకుండా గడవకపోవడం, నలుగురిలో తిరగడం తీవ్రంగా దెబ్బతినడం, వీటిలో ఏదైనా ఒకటి ఉంటే ఆ దిశగా పరీక్షించాలి. ఆఖరి లక్షణాన్ని మీరు గమనించారనుకుంటాను. నాలుగు నెలలుగా సాకులు చెప్పడం దాని కిందికి వస్తుందో రాదో ఇక్కడి నుంచి నేను చెప్పలేను. రెండు వారాలు బల్ల దగ్గర కూర్చోవడం కూడా కుదరకపోతే, లేదా జాబితా తొమ్మిది నుంచి తగ్గుతూ వస్తుంటే, మానసిక నిపుణుణ్ని, పోషకాహార నిపుణుణ్ని కలిపి చూడండి. ఒక్కరితో సరిపెట్టుకోవద్దు. ఒకరు పళ్లెం చూస్తారు, ఇంకొకరు మనిషిని చూస్తారు.

ఇది చదివే స్నేహితులకు, గదిలో తోడుండేవారికి ఒక్క మాట. ‘ఒక్క ముద్ద తిను, నా మీద ఒట్టు’ అనకండి. ప్రేమతో అన్నా అది వెనక్కి దారి మూసేయడమే. మీరు తినండి, బాగుంటే బాగుందనండి, ఆ మనిషి పళ్లెంలోకి చూడకండి. పక్కవాడు నిశ్చింతగా తినడం చూసినప్పుడు కొత్తదాన్ని ముట్టుకోవడం తేలికవుతుంది, బతిమాలితే కాదు.

మీకు రాయాల్సింది ఇంకా ఉంది గానీ, ముందు నాకు మూడు సంగతులు కావాలి. ఆ తొమ్మిది ఏమిటి, వాటిని ఏ రూపంలో తింటారు? ఏడాది కిందట తింటూ ఇప్పుడు మానేసినవి ఏమైనా ఉన్నాయా? తిన్నాక ఎప్పుడైనా పెదవి వాచడం, నోరు దురద పెట్టడం జరిగిందా? ఇవి రాస్తే, మొదటి గోరంత ముక్క దేనిదై ఉండాలో కలిసి చూద్దాం.